ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో నల్లులు: రెండు నెలలుగా పోవడం లేదు, దారి చెప్పగలరు

మూడో అంతస్తు · 2024 ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. మేము ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. ఇంట్లో నేను, నా భార్య, అయిదేళ్ళ పాప, మా అమ్మ. ఊరు మారుతున్న ఒక కుటుంబం దగ్గర ఫిబ్రవరిలో డబుల్ కాట్ మంచం, పరుపుతో సహా, చవకగా వస్తోందని కొన్నాము. పది రోజులు తిరగకుండానే నా భార్య చేతుల మీద, మెడ మీద ఎర్రటి దద్దుర్లు మొదలయ్యాయి. అదే మంచం మీద పడుకునే నాకు మాత్రం ఒక్క మచ్చ కూడా లేదు కనుక, తిండి పడలేదేమోనని మొదట వంకాయ మాన్పించాము, తరువాత సబ్బు మార్చాము. చర్మవైద్యుడు గజ్జి కావచ్చని ఒక పూత మందు రాశారు. ఇంటిల్లిపాదీ మెడ నుంచి అరికాలి దాకా పూసుకుని పడుకున్నాము. తగ్గలేదు.

చివరకు పోయిన నెలలో ఒక రాత్రి రెండున్నరకు పాప ఏడిస్తే ఫోను లైటు వేసి చూశాను. దిండు గలీబు అంచున అవిసె గింజలాంటి పురుగు ఒకటి తాపీగా నడిచిపోతోంది. వేలితో నొక్కితే గలీబు మీద రక్తపు మరక పడింది. మా అమ్మ లేచి వచ్చి చూసి, "నల్లిరా ఇది, దీని మొహం చూసి ముప్ఫై ఏళ్ళయింది" అన్నది.

అప్పటి నుంచి దుకాణంలో దొరికే స్ప్రే డబ్బాలు మూడు ఖాళీ చేశాను. పరుపును రెండు రోజులు డాబా మీద ఎండలో వేశాను. పడకగది వదిలేసి హాల్లో చాపలు పరుచుకుని పడుకుంటున్నాము. ఇప్పుడు హాల్లోని సోఫాలో కూడా కనబడుతున్నాయి. మంచం తగలబెట్టేయమంటారా? మే నెలలో ఎలాగూ టెక్కలి దగ్గర మా ఊరికి వెళ్తాము, ఇల్లు నెల రోజులు మూసి ఉంచితే ఆకలికి చస్తాయా? ఈ సంగతి పక్క ఫ్లాటు వాళ్ళకు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది.

కంచరపాలెం మెట్ట · ఏప్రిల్ 7

సిగ్గు పడకండి. బొద్దింకలు, ఎలుకలు అయితే ఎంగిలి మెతుకుల కోసం వస్తాయి గానీ, నల్లికి మీ ఇంటి శుభ్రతతో పని లేదు, దానికి కావలసింది నెత్తురు మాత్రమే. రోజుకు రెండు పూటలా ఇల్లు తుడిచే మా అత్తగారి ఇంట్లోనే మూడేళ్ళ క్రితం పట్టాయి. హాల్లోకి మారడం మాత్రం పొరపాటు చేశారు. మేమూ అదే చేసి, ఒక గదిలో ఉన్నవాటిని మూడు గదులకూ పంచిపెట్టాము.

విశ్రాంత మాస్టారు · ఏప్రిల్ 7

బాబూ, మంచం తగలబెట్టే ఆలోచన మానుకో. కుట్టింది నల్లి అయితే శిక్ష మంచానికి వేయడం మన వాళ్ళకు అనాదిగా ఉన్న అలవాటే గానీ, ఆ మంచాన్ని మూడు అంతస్తుల మెట్ల మీదుగా దింపేటప్పుడు రాలిన నల్లులు అందరి గుమ్మాల ముందూ పడతాయి, మిగిలినవి మీ సోఫాలో క్షేమంగా ఉంటాయి.

మా చిన్నతనంలో విజయనగరం దగ్గరి మా ఊళ్ళో నల్లులు లేని ఇల్లు లేదు. వేసవి సెలవుల్లో నెలకొకసారి ఇంట్లోని నవారు మంచాలన్నీ పెరట్లోకి వచ్చేవి. నవారు విప్పి అండాలో ఉడకబెట్టేవారు. మంచం కోడులోకి, అంటే కాలులోకి, పట్టె దిగే తొర్ర ఉంటుంది చూశావూ, నల్లులకు అదే కోట. ఆ తొర్రలో మా అమ్మమ్మ చెంబుతో సలసల కాగే నీళ్ళు పోస్తుంటే మేము మంచం కోళ్ళను నేలకు దబదబా బాదేవాళ్ళము. రాలిన వాటిని చెప్పుతో నలపడం పిల్లల పని. ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది, కుళ్ళిన కొత్తిమీర కట్ట వాసనకు దగ్గరగా ఉండేది.

మలేరియా వాళ్ళు ఇంటింటికీ వచ్చి గోడలకు డీడీటీ కొట్టి, తలుపు మీద తేదీ రాసి వెళ్ళేవారు. 1953లో దేశవ్యాప్తంగా మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైన కొత్తలో దోమలతో పాటు నల్లులు కూడా మాయమయ్యాయని మా నాన్నగారు మురిసిపోయేవారు. కొన్నేళ్ళకు ఆ మందుకు నల్లులు చావడం మానేశాయి సరికదా, మందు కొట్టిన రాత్రి గోడల్లోంచి బయటకు వచ్చి మరింత కుట్టేవి. మా వీధిలో కొందరు మందు వాళ్ళను గడప తొక్కనివ్వకపోవడానికి కారణం అదే. ఇప్పుడు నువ్వు మూడు డబ్బాలు ఖాళీ చేసినా చావలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

మందు బండి · ఏప్రిల్ 8

నేను పధ్నాలుగేళ్ళుగా విశాఖలో పురుగుల మందు కొట్టే పని చేస్తున్నాను. మాస్టారు చెప్పింది నిజం. దుకాణాల్లో దొరికే చాలా డబ్బాల్లో ఉండేది పైరెత్రాయిడ్ జాతి మందు. డీడీటీకి తట్టుకున్న నల్లికి పైరెత్రాయిడ్‌ను తట్టుకోవడం కూడా కొంత తేలిక, ఎందుకంటే రెండూ దాని నరాల మీద ఒకే చోట పనిచేస్తాయి. పైగా డబ్బాలోని మందు గాలిలో ఎగిరి తేలిపోతుంది గానీ, ఎక్కువ భాగం నల్లులు దాక్కునే చీలికల్లోకి పోదు. తగిలీ తగలని మందుతో అవి చెదిరి పక్క గదికి పోతాయి.

మూడో అంతస్తు గారి ప్రశ్నలకు నాకు తెలిసినంత చెబుతాను. ఇల్లు మూసి వెళ్ళిపోవడం వల్ల లాభం లేదు. పిల్ల నల్లులు కొన్ని వారాలలో చావవచ్చు గానీ, పెద్దవి తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. మీరు తిరిగి వచ్చిన రాత్రే వాటికి పండగ. అంతకంటే ముఖ్యమైన సంగతి, మందు కొట్టిన తరువాత మీరు ఆ గదిలోనే, ఆ మంచం మీదే పడుకోవాలి. వినడానికి కష్టంగానే ఉంటుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, ఒంటి వెచ్చదనం పసిగట్టి అవి బయటకు వస్తాయి. మీరు అక్కడ ఉంటేనే మందు పూసిన చోటు మీదుగా నడిచి వస్తాయి. మీరు లేకపోతే చీలికల్లోనే కూర్చుంటాయి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. నల్లి, దాని గుడ్డు రెండూ చావాలంటే దాదాపు 50 డిగ్రీల వేడి తగలాలి, అదీ పరుపు లోపలి దాకా. విశాఖలో మే నెలలో కూడా సముద్రపు గాలి వల్ల చాలా రోజులు 35 డిగ్రీల దగ్గరే ఉంటుంది. డాబా మీద పరుపు పైభాగం కాలుతుంది, దూది లోపలికి వేడి దిగదు, నల్లి నీడ వైపుకు తిరిగి హాయిగా కూర్చుంటుంది. బెజవాడ ఎండలో కూడా మందపాటి పరుపును నేను నమ్మను.

ముందు వెతకండి. టార్చి లైటు, పాత ఏటీఎం కార్డు తీసుకుని మంచం పూర్తిగా విప్పండి. పరుపు కుట్టు వెంబడి బాల్‌పెన్నుతో చుక్కలు పెట్టినట్లు నల్లటి మచ్చలు ఉంటాయి, అది వాటి రెట్ట. తడిగుడ్డతో రుద్దితే మరక పాకుతుంది. గుడ్లు గసగసాలంత ఉంటాయి, ముత్యంలా తెల్లగా చెక్కకు అతుక్కుని ఉంటాయి, చీపురుతో ఊడ్చినా రావు. విడిచిన పొరలు పొట్టులా రాలి ఉంటాయి. హెడ్‌బోర్డు మరలు దిగిన రంధ్రాలు, ప్లైవుడ్ అంచులు, సోఫా అడుగున కొట్టిన నల్ల గుడ్డ, దోమతెర మూలల మడతలు, కర్టెన్ మడతలు, మంచానికి పైన తగిలించిన పటాల వెనుక, స్విచ్ బోర్డు అంచులు, ఇవన్నీ చూడండి. ఎక్కువ భాగం మంచానికి అయిదారు అడుగుల లోపే దొరుకుతాయి.

గాజువాక 26 · ఏప్రిల్ 8

ఇంత శ్రమ ఎందుకండీ? ధాన్యం గోదాముల్లో పెట్టే మాత్రలు తెలిసిన వాళ్ళ దగ్గర దొరుకుతాయి. గదికి రెండు పెట్టి, తలుపులు మూసి, ఒక రోజు బయట ఉండి వస్తే నల్లి అనేది మిగలదు. మా బంధువుల ఇంట్లో అలాగే చేశారు.

మందు బండి · ఏప్రిల్ 8

అయ్యా, దయచేసి ఈ సలహా ఎవరూ పాటించవద్దు. అది అల్యూమినియం ఫాస్ఫైడు. గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. మన విశాఖ గాలిలో తేమకు కొదవ లేదని మీకు తెలుసు. ఆ వాయువు తలుపు సందుల్లోంచి, పైపుల వెంబడి, ఏసీ గొట్టం రంధ్రంలోంచి పక్క ఫ్లాటులోకి పోతుంది. మీరు ఊరికి వెళ్ళి సురక్షితంగా ఉంటారు, గోడ అవతల నిద్రపోతున్న పసిబిడ్డ ఉండదు. నివాస గృహాలలో దానిని వాడకూడదు.

రాత్రి డ్యూటీ · ఏప్రిల్ 9

నేను నర్సును. ఫాస్ఫీన్‌కు విరుగుడు మందు అంటూ ఏదీ లేదు. వాంతులు, ఆయాసం, ఛాతీ బరువుతో వచ్చిన వారికి వైద్యులు చేయగలిగేది ఆ వాయువు గుండెకు చేసే హాని నుంచి శరీరం తేరుకునే దాకా ఆసరా ఇవ్వడమే. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా అనిపించి, పక్కింట్లో మాత్రలు పెట్టారని తెలిస్తే, ముందు బయట గాలిలోకి వచ్చి, తరువాత ఆసుపత్రికి పరుగెత్తండి.

దద్దుర్ల గురించి కూడా ఒక మాట. ఒకే మంచం మీద భార్యకు దద్దుర్లు వచ్చి భర్తకు రాకపోవడం సహజం. కుట్టేటప్పుడు నల్లి వదిలే లాలాజలానికి ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కొక్క విధంగా స్పందిస్తుంది, కొందరికి అసలు కనబడదు, కొందరికి రోజుల తరువాత తేలుతుంది. నల్లుల వల్ల మనుషులకు రోగాలు అంటుకుంటాయని ఇంతవరకు రుజువు కాలేదు కనుక భయపడకండి. గోకితే పుండ్లు పడతాయి, పాపకు గోళ్ళు కత్తిరించి ఉంచండి. ఆమెకు పూత మందు పిల్లల వైద్యుడిని అడగకుండా వాడకండి.

గాజువాక 26 · ఏప్రిల్ 9

క్షమించండి, ఇంత ప్రమాదమని తెలియక రాశాను. మా బంధువులకు ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. వాళ్ళ దగ్గర ఇంకా రెండు మిగిలి ఉన్నాయట.

మూడో అంతస్తు · ఏప్రిల్ 14

మందు బండి గారు చెప్పినట్లే నిన్న మంచం విప్పాము. హెడ్‌బోర్డు మూడో మర ఊడగానే ఆ రంధ్రం చుట్టూ ఒకదాని మీద ఒకటి పదిహేను దాకా ఉన్నాయి, పెద్దవి ముదురు గోధుమ రంగులో, అప్పుడే పొదిగిన పిల్లలు గాజులా కంటికి ఆననంత పలచగా. వెలుతురు పడగానే పెద్దవి పరుగెత్తాయి, పిల్లలు కదలలేదు. నా భార్య గ్యాసు మీద మరుగుతున్న నీళ్ళు తెచ్చి గరిటెతో పోసింది. మంచం ప్లైవుడ్ కావడంతో అంచు ఉబ్బింది గానీ, ఆ సమయంలో ఎవరూ దానిని లెక్కచేయలేదు.

అసలు ఆశ్చర్యం మా పెళ్ళి ఫోటో. మంచానికి పైన ఏడేళ్ళుగా ఒక పెళ్ళి ఫోటో పెద్ద ఫ్రేములో వేలాడుతోంది. దించి వెనుక అట్ట తీస్తే, నాలుగు మూలలా నల్లటి చుక్కలు, పొట్టు, గుడ్లు. మా అత్తగారు, మామగారు ఉన్న వైపు ఎక్కువగా ఉన్నాయని నా భార్యతో అనబోయి ఊరుకున్నాను.

మధురవాడ పీజీ · ఏప్రిల్ 15

నేను విద్యార్థిని. ముగ్గురం ఉండే గదిలో ఇనుప మంచాలు. యజమానికి చెబితే "మీ ఊళ్ళ నుంచి మీరే తెచ్చుకున్నారు" అంటున్నారు. ఇనుముకు నల్లులు పట్టవని ఆయన వాదన. మేము ఏం చేయగలం?

మందు బండి · ఏప్రిల్ 15

అమ్మా, ఇనుప మంచం పైపులు లోపల బోలుగా ఉంటాయి. కాళ్ళ చివర రబ్బరు తొడుగులు తీసి లోపలికి టార్చి వేసి ఆ ఫోటో మీ యజమానికి పంపండి. ఎవరు తెచ్చారనే గొడవ ఎటూ తేలదు. ముగ్గురూ ఒకే రోజు పరుపులు, సంచులు, పుస్తకాలు అన్నీ చూసుకోవాలి, ఒకరు మానేస్తే ముగ్గురికీ వృథా. సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు బట్టలు బిగుతుగా కట్టిన కవరులో తీసుకువెళ్ళి, కవరు విప్పకుండా నేరుగా వేడినీళ్ళలో వేయండి. ఉతకలేని వాటికి ఇస్త్రీ చాలు. బొగ్గుల ఇస్త్రీ పెట్టె కుట్ల మీదుగా నెమ్మదిగా పోతే గుడ్డు కూడా మిగలదు, కానీ ఇస్త్రీ బండి ఆయనకు ముందే విషయం చెప్పండి, లేకపోతే మీ కవరులోవి వీధి మొత్తం బట్టల్లోకి పోతాయి.

విశ్రాంత మాస్టారు · ఏప్రిల్ 16

పుస్తకాల మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. నా పడకగదిలో పుస్తకాల బీరువా మంచానికి ఆనుకునే ఉంది. వేపాకు, కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు పెడుతుంటాను. అవి నల్లులను రానివ్వవని అనుకోవచ్చునా?

మందు బండి · ఏప్రిల్ 16

మాస్టారూ, పుస్తకాలు తినే పురుగులకు అవి కొంత పనికొస్తాయేమో గానీ, ఆకలిగా ఉన్న నల్లి కర్పూరం మీదుగా కూడా నడిచి వస్తుంది. అనుమానం ఉన్న పుస్తకాన్ని గాలి చొరని కవరులో పెట్టి ఫ్రిజ్ పైఅరలో, అంటే మైనస్ 18 డిగ్రీలు ఉండే ఫ్రీజరులో, నాలుగు రోజులు ఉంచండి. బొద్దింకల జెల్ గురించి కూడా చాలామంది అడుగుతారు. నల్లి నెత్తురు తప్ప మరేదీ ముట్టదు కనుక ఎర మందు తినదు. ప్లగ్గులో పెట్టే శబ్ద యంత్రాల గురించి నేను రాయడం కంటే వాటికి పెట్టే డబ్బుతో పరుపుకు జిప్పు కవరు కొనుక్కోవడం మంచిది.

మూడో అంతస్తు · ఏప్రిల్ 22

నిన్న మొదటి విడత మందు కొట్టించాము. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉన్నదా అని అడిగి, డబ్బా మీద చీటీ చదివి, ఫోటో తీసుకున్న తరువాతే లోపలికి రానిచ్చాను. మొదట వచ్చి చూసిన మరొక మనిషి చీటీ లేని సీసా తెచ్చి "ఒక్కసారికే గ్యారంటీ" అన్నాడు, ఆయనను పంపించేశాను. ఇక్కడ మీరందరూ ఇంత వివరంగా చెప్పకపోతే ఆ ధైర్యం వచ్చేది కాదు.

నాలుగు గంటలు బయట ఉండమన్నారు. మేము ఆరు గంటలు బీచ్ రోడ్డులో తిరిగి వచ్చాము. చేపల తొట్టిని ముందురోజే కింది అంతస్తు వారికి ఇచ్చాను, ఈ మందు చేపలకు విషమట. అలా ఇవ్వడానికి కారణం చెప్పక తప్పలేదు. వినగానే ఆవిడ ముఖం ఒక్కసారిగా తేలికపడింది. వాళ్ళ పిల్లవాడికీ జనవరి నుంచి దద్దుర్లేనట.

అసోసియేషన్ కార్యదర్శి · ఏప్రిల్ 23

మా అపార్ట్‌మెంటు మర్రిపాలెంలో. మీ అనుభవం చదివి చెబుతున్నాను, ఇప్పుడే కింద, పైన, రెండు పక్కలా ఉన్న నాలుగు ఇళ్ళనూ ఒకేసారి చూపించండి. కరెంటు తీగలు పోయే గొట్టాల వెంబడి అవి గోడలు దాటుతాయి. మా దగ్గర ఒక ఇల్లు మందు కొట్టించడం, పదిహేను రోజులకు పక్కింటి నుంచి తిరిగి రావడం, ఇలా ఏడాది పాటు నడిచింది. ఒకరి మీద ఒకరు నెపం వేసుకున్నారే తప్ప కలిసి కూర్చున్నది లేదు. చివరకు అసోసియేషన్ సొమ్ముతో ఒకే రోజు ఆరు ఇళ్ళకు కొట్టించాము. డబ్బు విషయంలో గొడవ పడిన వారు కూడా నిద్ర పట్టాక ఊరుకున్నారు.

మందు బండి · ఏప్రిల్ 23

రెండో విడత తేదీ మరవకండి. మందు గుడ్లను సరిగా చంపలేదు. మన వేడికి గుడ్లు ఆరు నుంచి పది రోజులలో పొదుగుతాయి, కనుక 14 రోజులకు మళ్ళీ కొట్టాలి, అప్పటికి పొదిగినవి ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రావు. ఈలోగా నేల తడిగుడ్డతో తుడిస్తే మంచం చుట్టూ, గోడ వారగా తుడవవద్దు, పెట్టిన డబ్బంతా బకెట్లోకి పోతుంది.

మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి. దుప్పటి నేలకు తగలనివ్వవద్దు. నాలుగు కాళ్ళ కింద గిన్నెలు పెట్టండి. ఖాళీ ప్లాస్టిక్ గిన్నె చాలదు. మన వేడి ప్రాంతాల నల్లి, అంటే సైమెక్స్ హెమిప్టెరస్, చలి దేశాల నల్లిలా జారిపోదు, నున్నటి గోడ కూడా ఎక్కగలదు. అందుకని గిన్నెలో రెండంగుళాలు సబ్బునీళ్ళు పోసి, రోజూ ఉదయం లెక్కపెట్టి రాసుకోండి. మందు పనిచేస్తున్నదీ లేనిదీ దద్దుర్లు చెప్పవు, గిన్నె చెబుతుంది.

మూడో అంతస్తు · మే 20

ఆలస్యానికి మన్నించండి. కింది అంతస్తు వారు, పక్క ఫ్లాటు వారు ఒప్పుకున్నారు. పైవాళ్ళు మొదట "మా ఇంట్లో అలాంటివి ఉండవు" అన్నారు, ఇల్లు చూపించాక వారి దివాన్ కింద కూడా దొరికాయి. మే 5న నాలుగు ఇళ్ళకూ ఒకే రోజు కొట్టించాము, నిన్న మళ్ళీ కొట్టించాము. టెక్కలి ప్రయాణం మానేశాము. మా అమ్మ మాత్రం వెళ్ళింది, ఆమె చీరలన్నీ మరిగే నీళ్ళలో ముంచి తీసి, కొత్త సంచిలో పెట్టి పంపాము. పట్టుచీరలు రెండు ఇస్త్రీ పెట్టెతో కుట్టు కుట్టూ నేనే కాల్చాను, ఆమె పక్కనే నిలబడి "సెగ, సెగ" అంటూనే ఉంది.

గిన్నెల లెక్క ఇది. మొదటి విడత తరువాత వారంలో 11. ఆ మరుసటి వారం 7, వాటిలో చాలావరకు పిల్లలే. మే 5 తరువాత మొదటి వారం 4, రెండో వారం 1. సోఫా అడుగున నల్ల గుడ్డ చించి పారేశాను. పెళ్ళి ఫోటోకు వెనుక కొత్త అట్ట వేసి అంచులు టేపుతో మూశాను. డబుల్ కాట్ పరుపును జిప్పు కవరులో కుట్టినట్లు బిగించాము, ఏడాది దాకా విప్పము.

మధురవాడ పీజీ · మే 23

ఫోటో పంపాక మా యజమాని ఒప్పుకుని మందు కొట్టించారు. ఒక్కసారే కొట్టించారు. రెండోసారి అడిగితే సెలవుల తరువాత అంటున్నారు.

మందు బండి · మే 23

సెలవుల తరువాత అంటే మళ్ళీ మొదటి నుంచి అన్నమాట. ముగ్గురూ సంతకం పెట్టి, తేదీలతో సహా రాసి ఇవ్వండి. ఇనుప మంచం బోలు పైపుల్లో మీరే మరిగే నీళ్ళు పోసి, చివరలు టేపుతో మూసేయండి. కాలు జాగ్రత్త.

మూడో అంతస్తు · జూలై 14

జూన్ మొదటి వారంలో గిన్నెలో ఒకటి దొరికింది. అప్పటి నుంచి ఇవాళ్టికి సున్న. నా భార్యకు కొత్త దద్దుర్లు లేవు, పాప రాత్రంతా పడుకుంటోంది. నాలుగు ఇళ్ళకూ కలిపి లెక్క చూస్తే, ఆ చవక మంచం మాకు కొత్త టేకు మంచం ఖరీదు పడింది. వానలు పట్టాక అమ్మ తిరిగి వచ్చింది. రాగానే ముందు మంచం కింద వంగి చూసింది, తరువాతే మంచినీళ్ళు అడిగింది.

గిన్నెలు తీసేద్దామంటే నా భార్య దసరా దాకా కదపవద్దన్నది. ఈ ఉదయమే సబ్బునీళ్ళు మార్చాను.